సికింద్రాబాద్ ఫ్రిజ్ గ్యాస్ నుంచి మాల్దీవుల మసి దాకా

ఫ్రిజ్ చల్లబడటం లేదంటే మెకానిక్ వచ్చి, వెనక చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ పోయిందండీ, నింపాలి" అంటాడు. పోయిన గ్యాస్ ఎక్కడికి పోయిందని మనం అడగం, మన టెన్షనంతా బిల్లు గురించే. 1960లలో సికింద్రాబాద్‌లో ఒక కుర్ర ఇంజనీరు ఉద్యోగమే ఆ లీకుల సంగతి చూడటం. అప్పటి ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీ వాయువు సీళ్ల సందుల్లోంచి అంత తేలిగ్గా ఎలా జారిపోతోందో కనిపెట్టాలి. ఆ పని ఆయనకు బొత్తిగా నచ్చలేదు, వదిలేసి బెంగళూరు ఐఐఎస్‌సీకి, అక్కణ్ణుంచి అమెరికా వెళ్లిపోయారు. మదురైలో పుట్టిన ఆ తమిళుడే వీరభద్రన్ రామనాథన్.

అమెరికాలో పెద్ద ఇంజనీరు అవుదామని వెళ్తే, న్యూయార్క్ దగ్గరి స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో గైడుగా దొరికిన రాబర్ట్ సెస్ అప్పటికే ఇంజనీరింగ్ పక్కన పెట్టి శుక్రుడు, అంగారకుడి వాతావరణాల మీద పడ్డారు. దాంతో ఈయన పీహెచ్‌డీ కూడా అటే వెళ్లింది. 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. అది చదివిన రామనాథన్‌కి పాత లీకులు గుర్తొచ్చి ఉంటాయని నా ఊహ. ఓజోన్ సంగతి సరే, ఈ గ్యాస్ భూమి వేడిని కూడా పట్టుకుంటుందా అని లెక్కేశారు. భూమి నుంచి వేడి పైకి పోయే దారుల్లో కొన్నింటిని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ముందే మూసేశాయి. మిగిలిన కిటికీ దగ్గరికి వెళ్లి సీఎఫ్‌సీ అడ్డంగా నిలబడుతోంది. అందుకే దాని ఒక్క అణువు కార్బన్ డయాక్సైడ్ అణువులు దాదాపు పదివేలు చేసే పని చేస్తుంది. 1975లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయ్యేదాకా గ్రీన్‌హౌస్ ప్రభావం, అంటే వాయువులు వేడిని పట్టి ఉంచడం, దాదాపుగా కార్బన్ డయాక్సైడ్ గొడవే.

ఇంత చేసిన మనిషి ఆ తర్వాత పట్టుకున్నది మసిని! నాకు ఆయన కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మా అమ్మమ్మ వంటింట్లో పైకప్పు దూలాలు నల్లగా నిగనిగలాడేవి, చెయ్యి తగిలితే జిడ్డు మసి అంటుకుంటే సబ్బుకి కూడా వదిలేది కాదు. తడి కట్టెలు పెట్టి గొట్టంతో ఊదుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, ఆ పొగంతా పెంకుల సందుల్లోంచి పోయి గాలిలో కలిసిపోతుందనే అనుకునేవాళ్లం. కానీ కలిసిపోయి మాయమైపోదు. గాలిలో తేలే ఇలాంటి సన్న రేణువులనే ఏరోసాల్స్ అంటారు.

చలికాలంలో మన దగ్గర గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, కడిగెయ్యడానికి వానలూ పెద్దగా ఉండవు. అందుకే ఆ పొగ సంగతి చూడ్డానికి 1999 జనవరి నుంచి మార్చి దాకా రామనాథన్, పాల్ క్రుట్జెన్, మన ఎ.పి.మిత్రా వంటి వాళ్లతో కలిసి రెండు వందల మందికి పైగా శాస్త్రవేత్తలు మాల్దీవుల్లో మకాం వేశారు. ఆ పరిశోధన పేరు ఇండోఎక్స్, అంటే ఇండియన్ ఓషన్ ఎక్స్‌పెరిమెంట్. విమానాలు, ఓడలు, ఉపగ్రహాలు, అక్కడి కాషిధూ దీవిలో పరికరాలు. చూస్తే నడిసముద్రం మీద మూడు కిలోమీటర్ల మందాన గోధుమరంగు పొర! కట్టెలు, పిడకలు, బొగ్గు, డీజిల్ పొగలన్నీ అందులో ఉన్నాయి. దాని కింద నీటికి చేరే ఎండ పది శాతం దాకా తగ్గిపోయింది. ఎండ తగ్గితే నీరు ఆవిరయ్యేది తగ్గుతుంది, దాంతో రుతుపవనాలకు దెబ్బ. దీన్ని మొదట ఆసియా బ్రౌన్ క్లౌడ్ అన్నారు. తప్పంతా మన నెత్తినే రుద్దుతున్నారని ఇండియాలో చాలామందికి ఒళ్లు మండింది (మండదా మరి, లాస్ ఏంజెలెస్ పొగ సంగతేంటి), చివరికి పేరులోంచి ఆసియా తీసేశారు.

కింద చల్లబడుతోంది సరే, మరి ఆగిపోయిన ఎండ ఏమవుతోంది? తెల్లటి సల్ఫేటు రేణువులైతే వెనక్కి కొట్టేస్తాయి, నల్లటి మసి తాగేస్తుంది. తేల్చడానికి 2006 మార్చిలో మాల్దీవుల్లోనే హనిమాధూ దీవి నుంచి మూడు చిన్న డ్రోన్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎగరేశారు. పైన పడుతున్న ఎండ ఎంత, కింద మిగిలింది ఎంత, మధ్యలో ఉన్న రేణువులు ఎన్ని, అన్నీ ఒకే సమయంలో కొలిచారు. ఆ పొర కింది వాతావరణంలో ఎండ వల్ల పుట్టే వేడిని సుమారు 50 శాతం పెంచుతోందని 2007లో నేచర్ పత్రికలో రాశారు. అంతకు ముందు ఏడాదే ఈ పొర, గ్రీన్‌హౌస్ వాయువులు కలిసి మన దేశంలో వరి దిగుబడి తగ్గించాయని ఇంకో పరిశోధన. అది చదివాక మసి దూలానికి అంటుకున్నది ఒక్కటే కాదని అర్థమైంది.

ఇందులో ఊరట ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం శతాబ్దాల తరబడి ఉండిపోతుంది, మసి మాత్రం వారం పది రోజుల్లో కిందికి దిగిపోతుంది, అంటే ఇవాళ పొయ్యి మారిస్తే ఫలితం తొందరగానే కనిపించాలి. ఇది పరీక్షించడానికే ప్రాజెక్ట్ సూర్య మొదలుపెట్టి, ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెలో మెరుగైన పొయ్యిలు పెట్టించారు. ఈ పనిలో ఆయన కూతురూ చెయ్యి కలిపారు. వంటింట్లో గాలిని ఒక చిన్న పంపు తెల్లటి ఫిల్టర్ గుండా లాగుతుంది, కాసేపటికి దాని మీద బొట్టులా నల్లటి మచ్చ పడుతుంది. దాన్ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపితే చాలు, మచ్చ ఎంత నలుపో చూసి ఆ పూట వంటకి ఎంత మసి పుట్టిందో అవతల కంప్యూటర్ లెక్క చెప్పేస్తుంది.