కోర్టు తీర్పులూ అంకెల అంచనాలూ: అపోహలు - వాస్తవాలు

కోర్టు రికార్డులను గణాంక పద్ధతుల్లో పరిశీలించడం నా వృత్తి. న్యాయవాదులు నా అంకెలను అనుమానంగా చూస్తారు. విధానాలు రాసే అధికారులు వాటిని వేదవాక్కుగా తీసుకుంటారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండోదే.

అపోహ: కేసు ఫలితాన్ని ఊహించడంలో అనుభవాన్ని మించింది లేదు.

అమెరికా సుప్రీంకోర్టు 2002 అక్టోబరులో మొదలైన ఏడాదిలో ఇవ్వబోయే తీర్పులను న్యాయనిపుణులు ఒకవైపు, ఒక గణాంక నమూనా (పాత కేసుల నుంచి నేర్చుకుని ఫలితాన్ని అంచనా వేసే లెక్క) మరోవైపు ముందే అంచనా వేశారు. నమూనా చూసింది ఆరు విషయాలే: కేసు ఏ కింది కోర్టు నుంచి వచ్చింది, పిటిషనర్ ఎలాంటివారు, ఇలాంటివి. వాదనల లోతుల్లోకి అది వెళ్లలేదు. అయినా 75 శాతం కేసుల్లో దాని అంచనా ఫలించింది, నిపుణులది 59 శాతంలోనే. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. ఒక్కో న్యాయమూర్తి ఓటును విడిగా లెక్కిస్తే ఇరుపక్షాలూ దాదాపు సమానం. పైగా అప్పటికి ఎనిమిదేళ్లుగా ఆ తొమ్మిది మందే ధర్మాసనంపై ఉన్నారు. నమూనా నేర్చుకున్నదంతా వారి పాత ఓట్ల నుంచే. కొత్తగా ఒక్కరు వచ్చినా వారి గురించి దానికేమీ తెలియదు.

అపోహ: రికార్డులు లక్షల్లో ఉంటే నిజం దానంతటదే బయటపడుతుంది.

మా రంగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇది. బెయిలు సంగతే తీసుకోండి. విడుదలైన నిందితుడు వాయిదాకు వచ్చాడో లేదో రికార్డు చెబుతుంది. జైల్లోనే ఉండిపోయినవాడిని వదిలి ఉంటే ఏం చేసేవాడు? ఆ గడి ఎప్పటికీ ఖాళీయే. ఆ ఖాళీలు యాదృచ్ఛికంగా ఏర్పడినవి కావు, న్యాయమూర్తులు మనుషులను చూసి ఎంచి మిగిల్చినవి. కోర్టు హాల్లో తల్లి కూర్చుని ఉండటం గమనించి ఒక యువకుడిని విడిచిపెట్టారనుకోండి. తల్లి సంగతి ఫైలుకెక్కదు; వయసు, ఆరోపణ, పాత కేసులు ఎక్కుతాయి. అతడు ప్రతి వాయిదాకూ హాజరైతే, అవే వివరాలున్న యువకులందరూ నమ్మదగినవారేనని నమూనా నేర్చుకుంటుంది.

దీనికి కొంత విరుగుడు ఉంది. న్యూయార్క్ నగర బెయిలు కేసులపై 2018లో వెలువడిన అధ్యయనం న్యాయమూర్తుల మధ్య తేడానే పనిముట్టుగా చేసుకుంది. కొందరు ఉదారులు, కొందరు కఠినులు. ఏ కేసు ఎవరి ముందుకు వస్తుందన్నది చాలావరకు యాదృచ్ఛికం. కాబట్టి ఉదారులు విడిచిపెట్టిన వారిలోంచి, ముప్పు ఎక్కువని నమూనా చెప్పినవారితో మొదలుపెట్టి మరికొందరిని ఆపి ఉంటే ఏమయ్యేదో, ఆ ఫలితాన్ని కఠినుల ఫలితాలతో పోల్చవచ్చు. నేరాలు పెరగకుండానే జైల్లో ఉంచేవారి సంఖ్యను దాదాపు 42 శాతం వరకు తగ్గించవచ్చని ఆ అధ్యయనం అంచనా వేసింది. ఖాళీ గడులతో ఇంత కుస్తీ పట్టాకే ఆ అంకెకు విలువ వచ్చింది.

అపోహ: వాయిదాకు ఎవరు రారో తెలిస్తే ఏం చేయాలో తెలిసినట్టే.

కాదు. ఎవరు రారో చెప్పడం వేరు, ఎందుకు రారో తెలుసుకోవడం వేరు. అదే న్యూయార్క్ నగరంలో చిన్న కేసుల సమన్ల కాగితాన్ని మార్చి, తేదీ, స్థలం పైభాగంలో స్పష్టంగా కనిపించేలా చేశారు. గైర్హాజరు సుమారు 13 శాతం తగ్గింది. ఫోనుకు గుర్తుచేసే సందేశాలు పంపితే 21 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఎవరు వాయిదాకు రారో, ఎవరు మళ్లీ నేరం చేస్తారో అంచనా కట్టే అంకె, అంటే ముప్పు స్కోరు, ఎంత కచ్చితమైనదైనా ఈ మార్గం చూపించేది కాదు.

అపోహ: భోజన విరామానికి ముందు న్యాయమూర్తులు ఆకలితో పెరోల్ తిరస్కరిస్తారు.

ఇజ్రాయెల్ పెరోల్ బోర్డులపై 2011 నాటి ఈ అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు. న్యాయవాది లేని ఖైదీల కేసులు సాధారణంగా విరామానికి ముందు, చివర్లో వస్తాయని అదే ఏడాది మరో ఇద్దరు పరిశోధకులు ఎత్తిచూపారు. వరుసే యాదృచ్ఛికం కానప్పుడు నెపం ఆకలిమీద వేయలేం.

అపోహ: లెక్కకు పక్షపాతం ఉండదు.

అమెరికా కోర్టుల్లో వాడిన కంపాస్ అనే ముప్పు స్కోరుపై 2016లో పెద్ద వివాదం రేగింది. మళ్లీ నేరం చేయనివారిలో నల్లజాతీయులకే 'అధిక ముప్పు' ముద్ర దాదాపు రెట్టింపుగా పడిందని విమర్శకులు చూపారు. ఒకే స్కోరు వచ్చిన వారిలో, జాతి ఏదైనా, మళ్లీ నేరం చేసేవారి శాతం దాదాపు సమానమేనని తయారీ సంస్థ బదులిచ్చింది. ఇద్దరి లెక్కా సరైనదే. రెండు వర్గాల్లో నేరం పునరావృతమయ్యే రేటు వేరైనప్పుడు, తప్పులు తప్పని ఏ స్కోరూ ఈ రెండు సమానత్వాలనూ ఒకేసారి ఇవ్వలేదు. ఏది ఎంచుకోవాలో గణితం చెప్పదు, చెప్పాల్సింది చట్టసభ, న్యాయస్థానం. అదే ఏడాది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు, హెచ్చరికలతో స్కోరును వాడవచ్చని, శిక్షను నిర్ణయించే కీలకాంశం మాత్రం అది కాకూడదని చెప్పింది. స్కోరు కట్టే సూత్రం వ్యాపార రహస్యంగానే మిగిలిపోయింది. నిందితుడు ప్రశ్నించే వీలు లేని అంకెను, ఎన్ని హెచ్చరికలు జోడించినా, శిక్ష వేసే వారి ముందు పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.