కర్జన్ వద్దన్నా తీసేసిన కుర్చీ

త్రివిధ దళాల ఉమ్మడి అధిపతి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) అధికారం ఎంత, రక్షణ శాఖలో పౌర అధికారి అయిన రక్షణ కార్యదర్శి అధికారం ఎంత అన్న చర్చ లేచిన ప్రతిసారీ, 1905లో వైస్రాయ్ కర్జన్‌కూ సైన్యాధిపతి (కమాండర్-ఇన్-చీఫ్) కిచెనర్‌కూ నడిచిన పాత గొడవను తిరగేయాల్సిందే.

అప్పట్లో వైస్రాయ్ కౌన్సిల్‌లో సైన్యం వాళ్లకు రెండు కుర్చీలుండేవి. ఒకటి కమాండర్-ఇన్-చీఫ్‌ది. 1861 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ప్రకారం ఆయన్ని అసాధారణ (ఎక్స్‌ట్రార్డినరీ) సభ్యుడిగా నియమించవచ్చు, ఆనవాయితీగా నియమించేవారు కూడా. రెండోది మిలిటరీ మెంబర్‌ది. ఈయనా సైనికాధికారే, కానీ హోదాలో చిన్నవాడు. అయినా కమాండర్ పంపే ప్రతిపాదనలు ఈయన చేతుల మీదుగానే వైస్రాయ్‌కి వెళ్లాలి. ఖర్చుల లెక్క అడిగేదీ, కుదరదని రాసేదీ ఈయనే.

1902 నవంబరులో వచ్చిన కిచెనర్‌కు ఇది మింగుడు పడలేదు. తనకంటే కిందివాడు తన ఫైలు మీద అభిప్రాయం రాయడమేమిటన్నది ఆయన బాధ. ఒకే పనికి రెండు ఆఫీసులు కావడంతో జాప్యమూ నిజమే.

కర్జన్ వాదన వేరు. కమాండర్ పర్యటనలోనో యుద్ధంలోనో ఉంటే వైస్రాయ్ పక్కన సలహా చెప్పేదెవరు? అడిగేవాడూ మంజూరు చేయించుకునేవాడూ ఒక్కడే అయితే పౌర ప్రభుత్వం చేతిలో మిగిలేదేమిటి? బెంగాల్‌ను చీల్చిన మనిషిని మెచ్చుకోవడానికి మనకు నోరు రాదు గానీ, ఈ ప్రశ్న మాత్రం సరైనదే. 1905 మార్చి 10న కౌన్సిల్‌లో కిచెనర్ తప్ప అందరూ కర్జన్ వైపే నిలిచారు. కిచెనర్ అక్కడ వాదనకు దిగలేదు. లండన్‌లో పలుకుబడి ఉన్నవాళ్లకు చాటుగా ఉత్తరాలు రాసి పని చక్కబెట్టుకుంటున్నాడు.

మే నెలాఖరులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాలు చూసే మంత్రి బ్రాడ్రిక్ నిర్ణయం వచ్చింది. మిలిటరీ మెంబర్ స్థానంలో సరఫరాలు మాత్రమే చూసే సభ్యుడు ఉంటాడు. ఆ పదవికి కర్జన్ సూచించిన జనరల్ బారో పేరును లండన్ ఒప్పుకోలేదు. ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు. 1909లో ఆ సరఫరా కుర్చీ కూడా పోయింది.

1916 ఏప్రిల్‌లో మెసపొటేమియా (నేటి ఇరాక్)లోని కుట్‌లో భారత సైనిక దళం లొంగిపోయింది. ఆ దండయాత్రపై వేసిన కమిషన్ 1917లో, కమాండర్-ఇన్-చీఫ్, మిలిటరీ మెంబర్ బాధ్యతలు రెండూ ఒక్కడు మోయలేడని తేల్చింది. అంటే కర్జన్ చెప్పిందే.

1942లో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ మన నేతలతో జరిపిన చర్చలు ప్రధానంగా రక్షణ శాఖ ఎవరిదన్న దగ్గరే తెగిపోయాయి. 1946 సెప్టెంబరు 2న తాత్కాలిక ప్రభుత్వంలో బల్‌దేవ్ సింగ్ రక్షణ శాఖ తీసుకోవడంతో కౌన్సిల్‌లో కమాండర్-ఇన్-చీఫ్ కుర్చీ ఖాళీ అయింది. 1955లో ఆ హోదా పేరే తీసేశారు. 2020 జనవరి 1న బాధ్యతలు చేపట్టిన తొలి సీడీఎస్ బిపిన్ రావత్‌కు ప్రభుత్వంలో కార్యదర్శి హోదా ఇచ్చి, సైనిక వ్యవహారాల విభాగం అప్పగించారు. రక్షణ కార్యదర్శి పోస్టును మాత్రం తీసేయలేదు.