పనికిరాను అనే మాట గురించి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న మీలో ఒకరు ఫోన్‌లో, "ఇవాళంతా ఏమీ చెయ్యలేదు తాతయ్యా, నేను ఎందుకూ పనికిరాను" అన్నారు. ఎవరో చెప్పనులెండి. అప్పటికి ఏదో సర్దిచెప్పాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇంకు అయిపోయిన పెన్ను పనికిరాదు, చువ్వలు విరిగిన గొడుగు పనికిరాదు. అదే మాటను మనిషికీ ఎంత తేలిగ్గా వాడేస్తామో చూడండి. పెన్ను చేసిందే రాయడానికి కాబట్టి, రాయకపోతే దాన్ని పారేస్తాం. మీరు హోంవర్కు పూర్తి చెయ్యడానికే పుట్టలేదు కదా! "పని కాలేదు" అంటే ఆ రోజు ఏం జరిగిందో చెప్పడం. "పనికిరాను" అంటే తీర్పు ఇచ్చేయడం. అదీ మీ వైపు వాదన వినకుండా, మీ మీద మీరే.

ఈ విషయంలో నేనేమీ తక్కువ తినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న నోట్‌బుక్‌లో రోజూ చెయ్యాల్సిన పనులు రాసుకుని, అయినవాటికి టిక్కు పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ టిక్కులే నా మార్కులైపోయాయి. ఎనిమిది పడిన రోజు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. రెండే పడితే ఎవరు పలకరించినా చిరాకే. ఒక్కోసారి, అప్పటికే అయిపోయిన పనిని లిస్టులో కొత్తగా రాసి మరీ టిక్కు పెట్టుకునేవాణ్ణి. నవ్వుకోండి, పర్లేదు.

ఇంతకీ ఆ లిస్టు రాసింది ఎవరు? నేనే. పొద్దున్నే ఉత్సాహంలో పదిహేను పనులు రాసేవాణ్ణి. అవి ఒక్కరోజులో అయ్యేవేనా అని ఎప్పుడూ ఆలోచించలేదు. తప్పు లిస్టుదేమో అన్న అనుమానమే రాలేదు.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని చాలా ఏళ్లకు తెలిసింది. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే! 1994లో ఈ వివరాలు అచ్చయ్యాయి. వాళ్లంతా సోమరులని నేననుకోను. పని ఎలా సాగాలో ఊహించుకుంటాం గానీ, కిందటిసారి ఎలా సాగిందో గుర్తు చేసుకోం. అందుకని లిస్టు రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పోయినసారి ఇలాంటి పాఠానికి ఎంతసేపు పట్టింది? రెండు గంటలు పట్టి ఉంటే రెండు గంటలే రాయండి, ముప్పావుగంట అని రాయకండి.

మన మీద మనకుండే గౌరవాన్ని విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1890లోనే ఒక భిన్నంలా రాశాడు. పైన సాధించినవి, కింద సాధించాలనుకున్నవి. కింది అంకె తగ్గించుకున్నా జవాబు పెరుగుతుందన్నాడు. తెలివైన మాటే, కానీ నాకు సగమే నచ్చింది. జ్వరంతో మంచం దిగలేని రోజు పైన సున్నా ఉంటుంది. కింద ఏ అంకె వేసినా జవాబు సున్నాయే కదా? ఆ రోజు కూడా మీరు మీరే. ఆ లెక్క పనులకు సరిపోతుందేమో గానీ, మనిషికి సరిపోదు.

"అయితే తాతయ్యా, ఇలా సర్దిచెప్పుకుంటే బద్ధకం పెరగదా?" అంటారని తెలుసు. నేనూ అలాగే భయపడ్డాను. 2010లో వచ్చిన ఒక అధ్యయనం వేరే మాట చెప్పింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసిన కాలేజీ విద్యార్థుల్లో, తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. ఆలోచిస్తే సబబుగానే ఉంది. తిట్టుకుంటూ కూర్చుంటే ఆ పుస్తకం కనబడితేనే టెన్షన్. టెన్షన్ పెట్టేదాని దగ్గరికి ఎవరు వెళ్తారు? అలాగని క్షమించుకోవడమంటే ఏమీ జరగనట్టు నటించడం కాదు. "అవును, వాయిదా వేశాను, తప్పు నాదే" అని ఒప్పుకుని, మళ్లీ పుస్తకం తెరవడం.

పక్కవాళ్లతో పోల్చుకోవద్దని మీకు ఈపాటికే చాలామంది చెప్పి ఉంటారు. ఇంకోసారి నేనెందుకు?

ఈసారి పని మిగిలిపోయినప్పుడు "పని కాలేదు తాతయ్యా" అని ఫోన్ చెయ్యండి. ఏ పని, ఎక్కడ ఆగింది అని అడుగుతాను. ఇద్దరం కలిసి చూద్దాం.

అన్నట్టు, ఈ ఉత్తరం ఆదివారం రాద్దామని లిస్టులో పెట్టుకున్నాను. ఇవాళ గురువారం.

ప్రేమతో,
మీ తాతయ్య