ల్యాప్‌టాప్‌కు ఫోన్ నెట్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్న నా దగ్గరకు నెట్ రావడం లేదంటూ వచ్చేవారిలో చాలామంది ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఉండదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకొని ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు ఇచ్చుకునే విద్యార్థులు, నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే యువకులు, ఎనుమాముల మార్కెట్‌లో లెక్కలు రాసే గుమస్తాలు వీరిలో ఉంటారు. వారు తెచ్చిన ల్యాప్‌టాప్‌లో చెడిపోయిన భాగమేదీ లేదని తేలడం తరచుగా జరిగేదే.

ఫోన్ నెట్‌ను హాట్‌స్పాట్ ద్వారా గాని, కేబుల్ ద్వారా గాని ల్యాప్‌టాప్‌కు ఇవ్వడాన్ని టెథరింగ్ అంటారు. ఇందులో నెట్ రెండు అంచెలుగా వస్తుంది. టవర్ నుంచి ఫోన్ వరకు మొదటి అంచె, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ వరకు రెండో అంచె. ఏ అంచెలో ఆగిందో తేల్చుకోకుండా విండోస్ మార్చినా, సిమ్ మార్చినా డబ్బు దండగ తప్ప ఫలితం ఉండదు. కింద రాసిన అపోహల్లో ఎక్కువ భాగం ఈ రెండు అంచెలను కలగలిపి చూడటం వల్ల పుట్టినవే.

అపోహ: ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి కాబట్టి లోపం ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

వాస్తవం: గీతలు టవర్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతాయే గాని, ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారో చెప్పవు. ఒక టవర్ ఇవ్వగలిగిన వేగాన్ని ఆ సమయంలో దానికి తగులుకొని ఉన్న ఫోన్లన్నీ పంచుకోవాలి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లినవారికి ఇది వేరుగా చెప్పనక్కర లేదు. గీతలన్నీ కనిపిస్తూనే ఉంటాయి, వాట్సాప్‌లో ఒక్క ఫొటో మాత్రం పోదు. జాతరలో జరిగేదే చిన్న ఎత్తున, విద్యార్థుల హాస్టళ్లు ఎక్కువగా ఉన్న వీధుల్లో రోజూ రాత్రిపూట జరుగుతుంది.

లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి సులువు. ముందు ఫోన్‌లో వైఫై ఆపి, ల్యాప్‌టాప్‌లో తెరుచుకోని ఆ వెబ్‌సైటునే ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరవాలి. అక్కడా తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌ను ముట్టుకోవలసిన పని లేదు. ఫోన్‌లో బాగా వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అనే చోట ఒక చిరునామా కనిపిస్తుంది. ఆ చిరునామా మీ ఫోన్‌దే. ఐఫోన్ అయితే అది సాధారణంగా 172.20.10.1 అవుతుంది. అక్కడే పింగ్ (ping) అని కొట్టి పక్కన ఆ చిరునామా ఇచ్చినప్పుడు ఫోన్ నుంచి జవాబు కొన్ని మిల్లీసెకన్లలో స్థిరంగా వస్తే రెండో అంచె బాగున్నట్టే. ఒకసారి 5, ఒకసారి 400, మధ్యలో అసలు జవాబే లేకుండా వస్తుంటే ఇబ్బంది ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్యనే ఉంది. చుట్టుపక్కల వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద కిక్కిరిసి ఉండటమే దానికి తరచుగా కారణం. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. అయితే పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి వైఫై కార్డుకు 5 గిగాహెర్ట్జ్ అందదు. వాటిలో హాట్‌స్పాట్ పేరే కనిపించకుండా పోతుంది. ఐఫోన్‌తో ఇదే చిక్కు వస్తే మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ అనే మీటను ఆన్ చేయాలి.

అపోహ: హాట్‌స్పాట్ వాడితే కంపెనీలు డేటాను ఎక్కువగా కోసుకుంటాయి.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. "రాత్రి హాట్‌స్పాట్ పెట్టి పండుకున్నమన్నా, పొద్దుగాల లేచేసరికి 2 జీబీ ఖతం" అంటారు. ఆ డేటా నిజంగానే ఖర్చయింది. వాడింది మాత్రం ల్యాప్‌టాప్. విండోస్ సాధారణంగా మీ హాట్‌స్పాట్‌ను పరిమితి లేని మామూలు వైఫైగానే భావించి, మీరు నిద్రపోతున్నప్పుడు అప్‌డేట్లు దించుకుంటుంది, వన్‌డ్రైవ్‌లోకి ఫొటోలు ఎక్కిస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒక్కటే కొన్ని జీబీలు ఉంటుంది. ఫోన్‌లో చిన్న తెర మీద 480లో నడిచిన యూట్యూబ్ వీడియో ల్యాప్‌టాప్‌లో 1080లో నడుస్తుంది. రోజుకు 1.5 లేదా 2 జీబీల ప్యాక్ వీటన్నిటికీ ఏ మూలకూ చాలదు.

దీనికి మందు, ఈ నెట్‌కు పరిమితి ఉందని విండోస్‌కు చెప్పే మీటర్డ్ కనెక్షన్ అనే సెట్టింగు. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో దాన్ని ఆన్ చేస్తే అప్‌డేట్లలో చాలా భాగం ఆగుతాయి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది: ఈ సెట్టింగు ఒక్కో నెట్‌వర్క్‌కు విడివిడిగా పెట్టాలి. అన్న ఫోన్ హాట్‌స్పాట్‌కు పెట్టినది చెల్లెలి ఫోన్ హాట్‌స్పాట్‌కు వర్తించదు. కేబుల్‌తో ఇచ్చినప్పుడు అది ఈథర్‌నెట్‌గా కనిపిస్తుంది కాబట్టి అక్కడ మళ్లీ పెట్టాలి. గేమ్ లాంచర్లు, కొన్ని యాంటీవైరస్‌లు ఈ సెట్టింగును పట్టించుకోవు గనుక వాటిని విడిగా ఆపుకోవాలి.

రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్యాక్‌లలో నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 2 ఎంబీల పేజీ ఒకటి తెరుచుకోవాలంటే ఆ వేగంతో నాలుగు నిమిషాలు దాటుతుంది. నెట్ కనెక్ట్ అయినట్టే ఉండి ఏదీ తెరుచుకోకపోతే, ముందుగా ఆపరేటర్ యాప్‌లో మిగిలిన డేటా చూసుకోవాలి.

అపోహ: యూఎస్‌బీ కేబుల్ చార్జింగ్‌కే పనికొస్తుంది, ల్యాప్‌టాప్‌లో వైఫై పోతే నెట్ రాదు.

వాస్తవం: నా లెక్కలో టెథరింగ్‌కు మొదటి దారి కేబులే. ఆండ్రాయిడ్ 2.2 వచ్చిన 2010 నుంచే యూఎస్‌బీ టెథరింగ్ ఫోన్‌లో భాగంగా ఉంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా వేసినప్పుడు వైఫై డ్రైవర్ దొరక్క, ఆ డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేక చిక్కుకుపోయినవారికి ఇదే దిక్కు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను గుర్తించే డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి కేబుల్ తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. అంతే కాదు, ఫోన్ అప్పటికే ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే మొబైల్ డేటాకు బదులు ఆ వైఫై నెట్‌నే కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. వైఫై కార్డు కాలిపోయిన ల్యాప్‌టాప్‌కు పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి వైఫై కార్డుగా పనిచేస్తుందన్నమాట.

కేబుల్ తగిలించినా యూఎస్‌బీ టెథరింగ్ మీట బూడిదరంగులోనే ఉండి నొక్కనివ్వకపోతే, ఫోన్‌ను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడాలి. బజారులో చవకగా దొరికే కేబుళ్లలో కొన్నింటిలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. చార్జింగ్ గుర్తు వస్తుంది గాని ల్యాప్‌టాప్‌కు ఫోన్ ఉన్నట్టే తెలియదు. డేటా సేవర్ ఆన్‌లో ఉన్నా ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ను, టెథరింగ్‌ను ఒప్పుకోదు. ఐఫోన్‌ను విండోస్‌కు కేబుల్‌తో కలపాలంటే ఐట్యూన్స్ గాని, యాపిల్ డివైసెస్ యాప్ గాని ల్యాప్‌టాప్‌లో ఉండాలి. బ్లూటూత్ టెథరింగ్ కూడా ఉన్నది గాని, దాని వేగం మెయిల్ చూసుకోవడానికి మించి సరిపోదు.

అపోహ: 5జీ ఫోన్ ఉంటే ఇక డేటా గురించీ వేగం గురించీ ఆలోచించనక్కర లేదు.

వాస్తవం: మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. ఎక్కువగా వాడుకలో ఉన్న 5జీ తరంగాలు 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉంటాయి; ఇవి గోడలను, స్లాబులను దాటి లోపలికి రావడంలో బలహీనం. మేడ మీద పరుగెత్తిన 5జీ కింది గదిలో 4జీకి పడిపోవడం, మళ్లీ ఎక్కడం జరుగుతూనే ఉంటుంది. అపరిమిత 5జీ అని వచ్చే ప్యాక్‌లు ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే అపరిమితం. 4జీకి దిగిన క్షణం నుంచి వాడినదంతా రోజువారీ కోటాలోంచే తగ్గుతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వంటి పనికి ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టి కేబుల్‌తో కలపడం, గదిలో 5జీ ఊగిసలాడుతుంటే ఆ గంటసేపు 4జీకే కట్టిపడేయడం మంచిది. 4జీనే స్థిరంగా వస్తున్నప్పుడు 5జీ కోసం పాకులాడటం నాకు అర్థం కాని ముచ్చట.

అపోహ: వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) ఉంది కాబట్టి ఫోన్ వచ్చినా హాట్‌స్పాట్ ఆగదు.

వాస్తవం: డేటా ఏ సిమ్‌ది వాడుతున్నారో ఆ సిమ్‌కే కాల్ వస్తే ఇది నిజం. మన దగ్గర ఎక్కువమంది ఫోన్లలో రెండు సిమ్‌లుంటాయి. ఇటువంటి ఫోన్లు చాలావరకు రెండు సిమ్‌లనూ ఒకే రేడియోతో నడుపుతాయి గనుక, రెండో సిమ్‌కు కాల్ వచ్చి మాట్లాడుతున్నంతసేపు మొదటి సిమ్ డేటా నిలిచిపోవచ్చు. కాల్ సమయంలో డేటాను రెండో సిమ్‌కు మార్చే సదుపాయం కొన్ని ఫోన్లలో ఉంది గాని, ఆ మార్పు వల్ల నడుస్తున్న వీడియో కాల్ ఎలాగూ తెగుతుంది. డూ నాట్ డిస్టర్బ్ గంట మోగకుండా ఆపుతుందే తప్ప కాల్ రాకుండా ఆపదు. ఇంటర్వ్యూకు కూర్చునే ముందు రెండో సిమ్‌ను సెట్టింగుల్లో ఆఫ్ చేయడమే ఖాయమైన పద్ధతి.

అపోహ: హాట్‌స్పాట్ వాడితే బ్యాటరీ పాడవుతుంది.

వాస్తవం: పాడుచేసేది వేడి. చార్జర్‌కు పెట్టి, దిండు మీద ఉంచి, మే నెల ఎండల్లో గంటల తరబడి హాట్‌స్పాట్ నడిపితే ఏ ఫోనైనా కాగుతుంది, కాగిన ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కవర్ తీసి ఫ్యాన్ గాలి తగిలేచోట పెడితే చాలు.

అపోహ: ఫోన్‌లో వీపీఎన్ (నెట్ రాకపోకలను ఇతరులు చూడకుండా పంపే దారి) ఆన్ చేస్తే హాట్‌స్పాట్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌కూ అదే వర్తిస్తుంది.

వాస్తవం: ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ మామూలుగా వర్తించదు, ఆఫీసు వీపీఎన్‌ను ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోవాలి. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ లేకుండా వదిలేయడం కూడా ఇలాంటి నిర్లక్ష్యమే. పక్కింటివారు మీ హాట్‌స్పాట్ మీద ఏం చేసినా ఆపరేటర్ రికార్డుల్లో అది మీ నంబరు వాడకంగానే నమోదవుతుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో సెక్యూరిటీ అనే చోట కనీసం 8 అక్షరాల పాస్‌వర్డ్‌తో డబ్ల్యూపీఏ2 (WPA2) పెట్టాలి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని కనెక్ట్ కావు.