వేడి తీగకు తెలిసిన గాలి

"మాస్టారూ, ఫ్యాన్ కింద నాకు చల్లగా ఉంది. మరి గోడ మీది థర్మామీటర్ దిగలేదేంటండి?" విజయనగరంలో ఓ తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగిన ఈ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు.

గాలి పట్టుకుపోవాలంటే ముందు గాలికన్నా ఎక్కువ వేడి ఉండాలి. మన ఒంటికి ఉంది. గదితో సమానంగా ఉన్న థర్మామీటర్‌కి లేదు. సరే, దాన్ని కావాలనే వేడి చేసి పెడితే? అదే గాలి వేగం కొలిచే పరికరం అయిపోతుంది! దాని పేరు హాట్‌వైర్ ఎనిమోమీటర్.

వెంట్రుకలో పదో వంతు మందం, అంటే దాదాపు 5 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ. పొడవు మిల్లీమీటరు. కరెంటు పంపి చుట్టూ ఉన్న గాలికన్నా సుమారు 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తారు. పెరట్లో పొయ్యి మీద గంజి గిన్నె ఉంది, దాని వేడి తగ్గకూడదు అనుకోండి. గాలి వీచినప్పుడల్లా ఇంకో పుల్ల ఎగదోయాలి. గాలి మంటకు తగలకుండా గిన్నెకే తగిలితే, సాయంత్రం పుల్లలు లెక్కపెట్టి ఎంత గాలి వీచిందో చెప్పేయొచ్చు. ఇక్కడ పుల్ల అంటే కరెంటు. తీగ ఒక్క డిగ్రీ చల్లారినా దాని నిరోధం కొద్దిగా పడిపోతుంది. నిరోధంలో చిన్న మార్పును కూడా పట్టే వీట్‌స్టన్ బ్రిడ్జి అనే సర్క్యూట్ అది పసిగడుతుంది, వెంటనే ఆంప్లిఫయర్ కరెంటు పెంచుతుంది. తీగ అంత సన్నం కాబట్టి సెకనుకు వేల మార్పులు అందుకుంటుంది.

లెక్కను 1914లో కింగ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు: గాలి వల్ల పోయే వేడి, వేగం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 4 రెట్లయితే వేడి 2 రెట్లే. అందుకే చేటతో విసిరిన పిల్లగాలిని కూడా ఇది ఇట్టే పట్టేస్తుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుకు మాత్రం పనికిరాదు. వాన చినుకులే తీగను చల్లార్చి లెక్క చెడగొడతాయి. అక్కడ గిర్రున తిరిగే గిన్నెల ఎనిమోమీటరే నయం.

మన ఊళ్లలో జ్వరమొస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. చూస్తే బాధేస్తుంది. నిజంగా గాలి సోకితే ఏమవుతుందో పిల్లలకు చూపించాలి కదా! వేడిని బట్టి నిరోధం మారే ఓ చిన్న థర్మిస్టర్‌ని బ్యాటరీకి, కరెంటు కొలిచే మల్టీమీటర్‌కి కలిపి క్లాసుకు తీసుకెళ్లాను. బ్యాటరీ కరెంటుకు అదీ వేడెక్కుతుంది. కాకపోతే ఇది టంగ్‌స్టన్‌కి వ్యతిరేకం: చల్లారితే నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. కుర్రాడు అట్టముక్కతో విసిరాడు, అంకె దిగింది. అవతలివైపు వెళ్లి విసిరాడు, మళ్లీ అంతే దిగింది.

"గాలి ఎటునుంచి వచ్చిందో దీనికి తెలీదాండి?"

ఒక్కదానికి తెలీదు. మధ్యలో హీటర్, అటొకటి ఇటొకటి థర్మామీటర్లు పెడితే తెలుస్తుంది. గాలి వచ్చే వైపుది చల్లారుతుంది, హీటర్ వేడి మోసుకొచ్చిన గాలి తగిలి రెండోది వేడెక్కుతుంది. కారు ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్లలో చాలావాటి లోపల ఉన్నది ఈ జంటే.