విరగని అల

"పెళ్లి బ్యాండులో చెవులు చిల్లులు పడేలా మోగే ట్రంపెట్టే కదా అమెరికన్ జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ వాయించిందీ? ఆయన చేతిలో అది గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టు ఎలా ఉంటుంది? మెల్లగా ఊదితే చాలా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని నేను ఎదురుచూస్తున్నాను.

ముందొక పరీక్ష. బరాత్ బ్యాండు రికార్డింగు ఫోనులో పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించండి. మీకు వినబడేది మెత్తటి ట్రంపెట్ కాదు, నాలుగు వీధుల అవతల మోగుతున్న అదే బ్యాండు. ఇప్పుడు 1952లో జెర్రీ మలిగన్ జాజ్ బృందంతో ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ వాయించిన 'మై ఫన్నీ వాలెంటైన్' పెట్టి వాల్యూమ్ ఎంతైనా పెంచండి. గది దద్దరిల్లినా ఆయన మీ పక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. శబ్దం ఎంత అన్నదానికన్నా, అల ఏ ఆకారంలో బయటికొచ్చింది అన్నదే మన చెవి పట్టుకుంటోందన్నమాట.

పెదవులు ఎలా అదురుతాయి, మూడు వాల్వులు ఏం చేస్తాయి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. నన్ను ఏళ్లుగా వదలనిది గొట్టం లోపలి ప్రయాణంలో అలకు జరిగే మార్పు.

విశాఖ బీచిలో నిలబడి సముద్రాన్ని చూడండి. దూరంగా అల గుండ్రంగా, నెమ్మదిగా వస్తుంది. ఒడ్డు దగ్గరపడేకొద్దీ దాని ముందువైపు నిటారుగా లేస్తుంది. లోతు తక్కువైన చోట శిఖరం కింద నీళ్లు ఎక్కువ, పల్లం కింద తక్కువ కాబట్టి శిఖరం జోరుగా వచ్చి పల్లాన్ని అందుకుంటుంది. చివరికి విరిగి నురగవుతుంది. ట్రంపెట్ గొట్టంలో గాలికీ ఇలాంటిదే జరుగుతుంది. ఒత్తిడి పెరిగిన చోట గాలి నొక్కుకుపోయి కాస్త వేడెక్కుతుంది, వేడి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. పైగా అక్కడి గాలి తానే ముందుకు కదులుతూ ఉంటుంది. ఈ రెండూ కలిసి శిఖరాన్ని ముందుకు తోస్తాయి.

ఎంత తోస్తాయో లెక్క వేద్దాం. బాగా గట్టిగా ఊదినప్పుడు మౌత్‌పీస్‌లో (పెదవులు ఆనించే చిన్న గిన్నెలో) పీడనం వాతావరణ పీడనంలో పదోవంతు దాకా, అంటే సుమారు 10,000 పాస్కల్‌ల మేర ఊగుతుంది. గొట్టమంతా అదే బలం నిలిచిందనుకుందాం. గాలి కణాల వేగం సెకనుకు దాదాపు 24 మీటర్లు. వేడి ప్రభావం కలిపితే శిఖరానికి దక్కే అదనపు వేగం 29 మీటర్లు, ధ్వని మామూలు వేగం 343. 440 హెర్ట్జ్ స్వరానికి అల పొడవు 78 సెంటీమీటర్లు. ఈ అంకెలతో నున్నటి అల నిటారు గోడగా మారడానికి కావలసిన దూరం సుమారు 1.5 మీటర్లు. ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు అంతే! అదే పీడనం పదోవంతుకు తగ్గితే ఆ దూరం 15 మీటర్లవుతుంది. అల విరగకముందే గంట (ట్రంపెట్ చివర విప్పారిన నోరు) అంచు దాటి బయటపడుతుంది.

నిటారు అంచు అంటే పై అనుస్వరాల గుంపు, అంటే అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా మోగే పౌనఃపున్యాలు: 880, 1320, 1760, ఇంకా పైకి. బ్యాండు ట్రంపెట్‌లోని ఇత్తడి మెరుపు అదే. ట్రంపెట్‌కు బంధువైన ట్రోంబోన్‌లో నిజంగానే షాక్ వేవ్‌లు (ఇలా నిటారు గోడగా మారిన అలలు) పుడుతున్నాయని 1996లో హిర్ష్‌బర్గ్, ఆయన సహచరులు కొలిచి చూపించారు. ట్రంపెట్ లాంటిదే మరో ఇత్తడి వాద్యం ఫ్లూగల్‌హార్న్. దానిదీ ట్రంపెట్ శ్రుతే, కానీ దాని గొట్టం మొదటి నుంచే వెడల్పవుతూ పోతుంది. అల పరుచుకుని బలం తగ్గడంతో నిటారయ్యే అవకాశం పోతుంది. మైల్స్ 1957లో 'మైల్స్ అహెడ్' ఆల్బమ్ కోసం దాన్నే ఎత్తుకున్నారు. మరో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు ఆర్ట్ ఫార్మర్ 1960లలో దానికే మారిపోయారు.

ట్రంపెట్ ఊదితే ఊపిరితిత్తులు పాడవుతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందులో నిజం లేదు. మెల్లగా వాయించడం బలం లేనివాళ్ల పని అనడం ఇంకా పెద్ద పొరపాటు. గాలి కొంచెం తగ్గితే పెదవుల అదురు ఆగిపోతుంది, ఆ అంచు మీద స్వరాన్ని నిలబెట్టాలి. మైల్స్‌కు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నేర్పిన ఎల్‌వుడ్ బుకానన్ స్వరాన్ని వణికించవద్దని పట్టుబట్టారు, ముసలితనంలో ఎలాగూ వణుకుతావు కదా అని. మన సంగీతంలో కంపితానికి (స్వరాన్ని ఊపే గమకానికి) ఉన్న చోటు తెలిసినవాళ్లకు ఆ మాట వింతగా తోచవచ్చు. కానీ వణుకు లేని స్వరానికి చాటు ఉండదు, గాలి ఏమాత్రం తడబడినా బయటపడిపోతుంది. ఒక గురువు ఇంతకంటే కఠినమైన పాఠం చెప్పలేరని నా నమ్మకం.

మైల్స్ వాడిన హార్మన్ మ్యూట్‌ది (గంటలో దూర్చి శబ్దాన్ని మార్చే లోహపు బిరడాది) వేరే దారి. చుట్టూ కార్క్‌తో గంటను పూర్తిగా మూసేస్తుంది, గాలంతా లోహపు డొల్లలోంచే రావాలి. కింది పౌనఃపున్యాలు లోపలే ఆగిపోతాయి, సన్నటి జీర మిగులుతుంది. మధ్యలోని చిన్న గొట్టాన్ని ఆయన తీసేసి, మైకుకు బాగా దగ్గరగా వాయించేవారు. 1959లో రికార్డయిన 'బ్లూ ఇన్ గ్రీన్'లో వినబడేది ఆ దగ్గరితనమే. 1925లో విద్యుత్ మైకులతో రికార్డింగు మొదలుకాకపోతే ఇంత చిన్న శబ్దం గ్రామఫోన్ పళ్లెం మీదికి ఎక్కేదే కాదు.

బేకర్ పళ్లు 1966లో దెబ్బలు తిని పాడయ్యాయి. ట్రంపెట్ వాద్యకారుడి పెదవులకు పళ్లే వెనక గోడ. ఆయన కట్టుడు పళ్లతో పెదవుల పట్టును మొదటి నుంచి మళ్లీ నేర్చుకుని, 1988లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయేదాకా వాయించారు. చివరి ఏళ్ల రికార్డులు హెడ్‌ఫోన్‌తో వినండి. స్వరం పలకబోయే క్షణంలో పెదవుల మధ్య గాలి జారే చప్పుడు వినిపిస్తుంది. అల అప్పటికింకా పుట్టలేదు.