డాక్టరు అడిగే ప్రశ్నలు, రోగి దాచే జవాబులు: అపోహలు - వాస్తవాలు

జ్వరం ఎన్నాళ్ల నుంచి అంటే వెంటనే చెప్పేవారు కూడా, మద్యం అలవాటుందా, నెలసరి ఎప్పుడు వచ్చింది అనగానే పక్కనున్న వారి వైపు చూస్తారు. జనరల్ మెడిసిన్ ఓపీలో నేను రోజూ చూసే సంగతి ఇది. వాళ్ల బెరుకు చాలాసార్లు డాక్టరును చూసి కాదు, పక్కన నిలబడి వింటున్న వారిని చూసి. ఆ బెరుకు న్యాయమైనదే. అయితే జవాబు దాచనక్కర్లేదు. "వీళ్లను కాసేపు బయట ఉండమనండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. మీరు అడగకముందే ఆ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత మాకుంది.

అపోహ: జబ్బుకు సంబంధం లేని ప్రశ్నలు కుతూహలం కొద్దీ అడుగుతారు.

వాస్తవం: ఛాతీ నొప్పితో వచ్చిన మగవారిని, లైంగిక సామర్థ్యానికి మాత్రలేమైనా వేసుకున్నారా అని అడుగుతాం. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు, గుండె నొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కొడుకు పక్కనుండగా ఈ ప్రశ్న వేస్తే "లేదు" అనే జవాబే వస్తుంది. కాబట్టి ముందు కొడుకును బయటికి పంపాలి.

మద్యం సంగతీ అంతే. రోజూ తాగే మనిషి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే తాగడం ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేని మనుషులు కనిపించడం మొదలుకావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. ముందే తెలిస్తే థయమిన్ (విటమిన్ బి1), తగిన ఇతర మందులు ఇచ్చి దీన్ని చాలావరకు నివారించగలం. "అప్పుడప్పుడూ" అనే జవాబు సరిపోదు. ఎంత, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు అన్నది తెలియాలి.

కడుపునొప్పితో వచ్చిన అమ్మాయిని చివరి నెలసరి తేదీ, గర్భం వచ్చే అవకాశం గురించి అడిగితే "పెళ్లికాని పిల్లను అలా అడుగుతారా?" అని తల్లులు కోప్పడతారు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భం పగిలితే లోపల రక్తస్రావమై గంటల్లో ప్రాణం పోవచ్చు. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ లాంటివి కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. మేం అడిగేది వీటి కోసం. ఆమె నడవడికతో మాకు పని లేదు.

అపోహ: "మీది మేనరికమా?" అని అడగడం మన ఆచారాన్ని తప్పుపట్టడమే.

వాస్తవం: మేనమామకూ అక్క కూతురికీ సగటున నాలుగో వంతు, బావామరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు ఏ పరీక్ష ముందు చేయాలో, తర్వాతి కాన్పుకు ఏం చూసుకోవాలో ఈ జవాబు దారి చూపుతుంది.

అపోహ: డాక్టరుకు చెబితే ఇంట్లో, ఊళ్లో తెలిసిపోతుంది.

వాస్తవం: భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశించినప్పుడు, ఫలానా వ్యక్తికి లేదా సమాజానికి తీవ్ర ప్రమాదం ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బులకు మాత్రమే మినహాయింపు. 2012 నుంచి క్షయ అలాంటి జబ్బుల్లో ఒకటి. మేజరైన స్త్రీ గర్భస్రావం చేయించుకోవడానికి ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఆమె పేరు బయటపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చని గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ చెబుతోంది. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి అయితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పాల్సిందే. అయితే ఆమె, ఆమె సంరక్షకులు కోరితే పేరు, గుర్తింపు వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా రహస్యాలు బయటికి పోతున్నాయి. ఎక్కడంటే, తర్వాతి రోగిని ముందే లోపల స్టూలు మీద కూర్చోబెట్టే ఓపీ గదిలో, వరండాలో పేరు పిలిచి జబ్బు కూడా చెప్పే చోట, కౌంటరు మీద పరిచిపెట్టిన రిపోర్టుల దగ్గర. ఇవి మా వైపు లోపాలు, మేమే సరిదిద్దుకోవాలి. ఇంటి వైపు ఇంకొకటి ఉంది. ల్యాబులో పేరు రాయించేటప్పుడు కొడుకుదో అల్లుడిదో ఫోను నంబరు ఇస్తారు. రిపోర్టు ఆ ఫోనుకు వెళ్తుంది, అక్కడి నుంచి కుటుంబ వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. మీ నంబరే ఇవ్వండి, లేదా కాగితం మీరే తీసుకుంటామని చెప్పండి.

అపోహ: పురుగుల మందు సంగతి చెబితే కేసు పెట్టి జైల్లో వేస్తారు.

వాస్తవం: ఈ భయంతో కుటుంబాలు "ఏదో పడక వాంతులు" అంటాయి. దాంతో విలువైన సమయం పోతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు విషానికి అట్రోపిన్ అనే విరుగుడు ఇవ్వాలి. పారాక్వాట్ అనే కలుపు మందు అయితే అట్రోపిన్‌తో లాభం లేదు, అవసరానికి మించి ఇచ్చిన ఆక్సిజన్ కూడా ఊపిరితిత్తులను మరింత దెబ్బతీస్తుంది. రెండిటికీ ఒకే చికిత్స చేయలేం కాబట్టి డబ్బాను వెంట తీసుకురండి. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇస్తుంది, వాళ్లు వాంగ్మూలం తీసుకోవచ్చు. ఆ మాట దాచను. కానీ ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, విచారించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బతికి బయటపడ్డ మనిషికి కావాల్సింది ఆసరా. ఇలాంటి ఆలోచనలు ఎవరికి వస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఉచితంగా ఫోను చేయవచ్చు.

అపోహ: ఆభా నంబరు ఇస్తేనే చూస్తారు, ఇస్తే అంతా బయటపడుతుంది.

వాస్తవం: ఆభా అంటే మీ ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా కలిపే ప్రభుత్వ ఖాతా. 14 అంకెల ఆ నంబరు చికిత్సకు తప్పనిసరి కాదు. దాని ద్వారా రికార్డులు చూడాలంటే మీ అనుమతి కావాలి, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు.

అపోహ: "ఫైల్లో రాయకండి" అంటే ఇన్సూరెన్సుకు ఇబ్బంది ఉండదు.

వాస్తవం: తెలిసిన షుగరును లేదని నేను రాయలేను. రాత్రి డ్యూటీ డాక్టరు చూసేది ఆ ఫైలునే. క్లెయిము చిక్కుల్లో పడేది పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో దాచినప్పుడు. మీ ఫైల్లో ఏముందో చూసుకునే హక్కు మీకే ఉంది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది కూడా ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే చదవండి, పొరపాటు కనిపిస్తే అక్కడే చెప్పి సరిచేయించుకోండి.